ఒకే నవల: నా స్నేహితురాలికి ప్రాణం, నాకు ఒళ్లు మంట. ఎందుకిలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. రెబెకా వెల్స్ రాసిన ‘డివైన్ సీక్రెట్స్ ఆఫ్ ద యా-యా సిస్టర్‌హుడ్’ని మీ స్నేహితురాలు తన కాపీ చేతిలో పెట్టి మరీ చదివించారు. ఆవిడ ఆ నవల చదివి మురిసిపోయారు, ఏడ్చారు, మనిద్దరం కూడా అలా ఉండాలే అన్నారు. మీకేమో తల్లి పిల్లల్ని బెల్టుతో కొట్టే చోట ఊపిరి ఆడలేదు. చివర్లో తల్లీకూతుళ్లు దగ్గరైతే సంతోషం రాకపోగా కోపం వచ్చింది. ‘నాకు చదవడం రాలేదా, తనకి చూడటం రాలేదా’ అన్నారు.

ఇద్దరూ సరిగ్గానే చదివారు. కానీ ‘ఎవరి ఇష్టం వాళ్లది’ అని వదిలేసే రకం కాదు నేను. ఆ మాటతో చర్చ ముగిసిపోతుంది, అర్థమయ్యేది మాత్రం ఏమీ ఉండదు. చాలా ఏళ్లుగా ఒక చిన్న చదువరుల బృందాన్ని నడుపుతున్నాను. ఈ నవలని మూడుసార్లు చర్చకి పెట్టాం. మూడుసార్లూ జనం రెండుగా చీలిపోయారు, ఒకసారైతే కాస్త గట్టిగానే. ఆ చీలిక మీలో, ఆవిడలో ఎంత ఉందో, పుస్తకం కట్టిన తీరులో అంతకంటే ఎక్కువే ఉంది.

చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. 1996లో వచ్చిన నవల ఇది. సిడ్డా వాకర్ నలభై ఏళ్ల నాటక దర్శకురాలు. ఆమె ఇచ్చిన ఇంటర్వ్యూ పట్టుకుని న్యూయార్క్ టైమ్స్‌లో ఆమె తల్లి వివిని ‘ట్యాప్ డాన్స్ చేసే, పిల్లల్ని హింసించే తల్లి’ అన్న అర్థంలో రాస్తారు. లూసియానాలో ఉన్న వివి భగ్గుమంటుంది, కూతురితో తెగతెంపులు చేసుకుంటుంది. సిడ్డా తన పెళ్లి వాయిదా వేసుకుని వాషింగ్టన్ రాష్ట్రంలో క్వినాల్ట్ సరస్సు పక్కన ఒక కేబిన్‌కి వెళ్లిపోతుంది. వివికి చిన్ననాటి నుంచి ముగ్గురు స్నేహితురాళ్లు, టీన్సీ, నీసీ, కారో. ఈ నలుగురే యా-యాలు. చిన్నప్పుడు దాచుకున్న ఫొటోలు, ఉత్తరాలు, టికెట్ ముక్కలు అతికించిన పాత స్క్రాప్‌బుక్ ఒకటి వివి దగ్గర నుంచి సిడ్డా చేతికి వస్తుంది. అందులోంచి తల్లి గతం కొంచెం కొంచెంగా బయటపడుతుంది.

మా దగ్గర మొదటి గొడవ అసలు బెల్టు మీద కాదు, ఆ ఇంటర్వ్యూ మీద. ఒకావిడ పుస్తకం బల్ల మీద పెట్టీ పెట్టకముందే ‘ఇంటిగుట్టు రచ్చకెక్కించింది, అది తప్పు’ అంది. పక్కనున్న అమ్మాయి వెంటనే, ‘గుట్టు ఎవరిదండీ? దెబ్బలు తిన్నది తను. తన ఒంటి మీద జరిగింది చెప్పుకోడానికి అమ్మ పర్మిషన్ కావాలా?’ అంది. ఆ రెండు మాటలతోనే గంటసేపు నడిచింది. జాగ్రత్తగా చూస్తే నవల మొదటి అధ్యాయమే ఈ తగువుని మన ఒళ్లో పడేస్తుంది. ‘హింసించే తల్లి’ అన్న మాట సిడ్డా అనలేదు, పత్రికలో రాసినవాళ్లు అన్నారు. అయితే ఆ మాట పుట్టడానికి కావలసిన సరుకు సిడ్డా ఇచ్చింది. ఇక్కడ మీరు ఎవరి పక్కన నిలబడ్డారో మిగతా పుస్తకమంతా దాదాపు ఆ కళ్లతోనే చదువుతారు. మీ స్నేహితురాలిని అడిగి చూడండి, ఆ ఇంటర్వ్యూ దగ్గర ఆవిడకి ఏమనిపించిందో.

ఇక బెల్టు. వివి వాళ్లమ్మ బగ్గీ మూలంగా వివి పడ్డ బాధ నవలలో చాలా ఉంది. పదహారో ఏట కన్నతల్లే కూతుర్ని చూసి ఓర్వలేక, కఠినమైన కాథలిక్ బోర్డింగ్ స్కూల్‌కి పంపించేస్తుంది. ప్రేమించిన కుర్రాడు జాక్, టీన్సీ అన్నయ్య, రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోతాడు. తర్వాత ఇంకొకరితో పెళ్లి, నలుగురు పిల్లలు, పత్తి పొలాల మధ్య ఇల్లు, తాగుడు. పైన డెక్సమిల్ మాత్రలు. అవి ఉత్సాహం పుట్టించే ఆంఫెటమైన్‌నీ మత్తు ఇచ్చే బార్బిట్యురేట్‌నీ కలిపి చేసినవి. ఆ రోజుల్లో అమెరికాలో డాక్టర్లు దిగులుకి, బరువు తగ్గడానికి గృహిణులకి మామూలుగా రాసిచ్చేవారు. కుటుంబ నియంత్రణ మాత్రకి అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది 1960లో. అయినా వివి లాంటి కాథలిక్ ఆడవాళ్లకి చర్చి దాన్ని ఒప్పుకోలేదు, 1968లో పోప్ ఆ నిషేధాన్ని ఇంకోసారి ఖాయం చేశారు కూడా. అంటే ఒక మనిషి నలువైపులా గోడలే. అలాంటి ఒకరోజు వివి మనసు పూర్తిగా చెదిరిపోయి, ఇంటి పెరట్లో సొంత పిల్లల్ని బెల్టుతో చావబాదుతుంది. తర్వాత చికిత్సకి ఎక్కడికో తీసుకెళ్తారు. పిల్లలకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. అమ్మ తన వల్లే వెళ్లిపోయిందని సిడ్డా ఏళ్ల తరబడి నమ్ముతుంది.

నేను మొదటిసారి ఈ నవల మీద మాట్లాడినప్పుడు పైన రాసిందంతా మాంచి ఊపుగా చెప్పాను. మాత్రలు, చర్చి, యుద్ధం, బగ్గీ. చాలా చదివొచ్చాను కదా, గొప్పగా వివరిస్తున్నానని నా లెక్క. మా బృందంలో ఒకామె ఉండేది. నెమ్మదస్తురాలు, ప్రతి పుస్తకానికీ కాగితం ముక్కలు పెట్టుకుని వచ్చేది. నేను చెప్పడం అయ్యాక, ‘ఇవన్నీ తెలిస్తే దెబ్బ తక్కువ నొప్పెడుతుందా అండీ?’ అని అడిగింది. నేను ఏదో సమాధానం చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు కూడా లేదు, అంటే అందులో పస లేదనే. తర్వాతి నెల ఆమె రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఫోన్ చేస్తే పనులున్నాయంది. ఆ రోజు నుంచి నేను ‘ఎందుకు కొట్టింది’ అనే ప్రశ్ననీ ‘క్షమించాలా’ అనే ప్రశ్ననీ ఒకే వాక్యంలో పెట్టను. నవల మాత్రం రెంటినీ ఒకే ఊపిరిలో చెప్పేస్తుంది. కారణాలన్నీ తెలిశాక కూతురు అమ్మ దగ్గరికి వెళ్తుంది. కారణం తెలిసిన క్షణమే మనసు కరిగిపోవాలని కథ ఆశిస్తోంది. మీ ఒళ్లు మండింది అక్కడే అని నా అనుమానం. వివిని అర్థం చేసుకోలేక కాదు. అర్థం చేసుకున్నందుకు ఆ వెంటనే బిల్లు కట్టమన్నట్టుంది కాబట్టి.

ఈ నవల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. ఇది వాకర్ కుటుంబం గురించిన మొదటి పుస్తకం కాదు. దీనికంటే ముందు, 1992లో, ‘లిటిల్ ఆల్టర్స్ ఎవ్రీవేర్’ వచ్చింది. అందులో ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరి గొంతు. సిడ్డా, ఆమె తమ్ముళ్లు, చెల్లెలు, తండ్రి, వివి, ఆ ఇంట్లో పనిచేసే నల్లజాతి దంపతులు విలెట్టా, చేనీ, అందరూ ‘నేను’ అని మొదలుపెట్టి చెప్తారు. పిల్లలు చెప్పే అధ్యాయాల్లో వివి చేసినవి ఇంకా చీకటి పనులు. బెల్టు ఒక్కటే కాదు, పిల్లల ఒంటి హద్దు కూడా ఆమె దాటిందని తెలిసేలా రాశారు. చిన్నదిగా కనబడే ఆ పుస్తకం చదవడం తేలిక కాదు, ముందే చెప్తున్నా.

మరి 1996 నవలలో? గొంతులన్నీ పక్కకి జరిగి, మధ్యలోకి స్క్రాప్‌బుక్ వచ్చింది. స్క్రాప్‌బుక్ అంటే ఏమిటి? దాచుకోవాలనుకున్నవి అతికించుకునే పుస్తకం. బెల్టు ఎవరూ అతికించుకోరు. పువ్వు, రిబ్బన్, డాన్స్ టికెట్, జాక్ రాసిన ఉత్తరం, ఇవి ఉంటాయి. అంటే సాక్ష్యం మొత్తం తల్లి దాచిన సాక్ష్యం. పిల్లల వాంగ్మూలం ముందు పుస్తకంలోనే ఉండిపోయింది. కోర్టులో ఒకే వైపు లాయర్ మాట్లాడితే తీర్పు ఎటు వస్తుందో అటే వస్తుంది. మా బృందంలో మొదటి పుస్తకం ముందు చదివినవాళ్లలో వివిని క్షమించినవాళ్లు ఒక్కరు కూడా లేరు. యా-యాతో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఆవిడ ప్రేమలో పడిపోయారు. ఇదేమీ పరిశోధన కాదు, ఒక గదిలో కూర్చున్న పదీ పన్నెండు మంది సంగతి. కానీ మీ ఇద్దరిలో ఎవరు ఏ పుస్తకం ముందు చదివారో కనుక్కుంటే సగం చిక్కు అక్కడే విడిపోవచ్చు.

ఇప్పుడు అందరూ మురిసిపోయే స్నేహం దగ్గరికి వద్దాం. ఆ నలుగురు పిల్లలు రాత్రివేళ బయటికి పోయి, రక్తం సాక్షిగా ఒట్లు వేసుకుని, తమకి తామే రాణుల పేర్లు పెట్టుకోవడం చదివి నవ్వురాని మనిషి ఉండరు. వివి పేరు క్వీన్ డాన్సింగ్ క్రీక్. టీన్సీది ప్రిన్సెస్ నేకెడ్ యాజ్ ఎ జేబర్డ్, అంటే పిట్టలాగా దిసమొలగా తిరిగే యువరాణి. పేపర్‌బ్యాక్ వచ్చాక ఈ నవల నోటిమాట మీదే అమెరికా అంతా పాకింది, ఆడవాళ్లు ఊరూరా యా-యా క్లబ్బులు పెట్టుకున్నారు, ఇలాంటి పేర్లే పెట్టుకున్నారు. తల్లులు కూతుళ్లకి కొనిచ్చారు, కూతుళ్లు తల్లులకి. అలా ఒక నవల జనాన్ని ఒకచోట కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు, నేను దాన్ని వెక్కిరించను. కానీ ఎవరూ సిడ్డా పేరు మీద క్లబ్బు పెట్టలేదు, గమనించారా.

ఆ స్నేహాన్ని చూసి ఏడ్చినవాళ్లందరూ సంతోషంతో ఏడవలేదు, అది కూడా చెప్పాలి. మా దగ్గర ఒకామె, ‘నాకు యాభై దాటాయి, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఒక్కరు లేరు, ఇది చదివాక ఇంకా టెన్షన్ పట్టుకుంది’ అంది. ఆమెకి ఈ నవల నచ్చలేదు. కారణం వివీ కాదు, బెల్టూ కాదు. తన జీవితంలో లేనిదాన్ని అంత అందంగా చూపించినందుకు.

నన్ను ఎక్కువ పట్టుకున్నది వేరే. యా-యాలకి తెలుసు. వివి పరిస్థితి, బెల్టు, ఆ తర్వాత ఏం జరిగింది, అన్నీ తెలుసు. క్వినాల్ట్ దాకా విమానమెక్కి వచ్చి సిడ్డాకి చెప్పేది వాళ్లే. వివి కుప్పకూలినప్పుడు ఆమెని కాచుకున్నదీ వాళ్లే. మరి ముప్పై ఏళ్లు ఆ పిల్లలకి ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? ‘ఇది నీ తప్పు కాదమ్మా’ అనడానికి ఎంతసేపు పడుతుంది? స్నేహితురాలి పరువు కాపాడటానికి స్నేహితురాలి కూతురికి నిజం దాచారు. ఏ గుణం చూసి మీ స్నేహితురాలు మురిసిపోయారో, అంటే ఏమొచ్చినా ఒకరినొకరు వదలకపోవడం, ఆ గుణమే సిడ్డాని ఒంటరిని చేసింది. నా లెక్కలో ఈ నవలలో అన్నిటికంటే నిజమైన విషయం ఇదే. రచయిత్రి దీన్ని ఎంతవరకు తెలిసి రాశారో, ఎంతవరకు కథే ఆవిడ చేయి దాటి చెప్పిందో, మా బృందం ఇంకా తేల్చుకోలేదు. నేనైతే తెలిసే రాశారంటాను, కాకపోతే చివర్లో కాస్త తొందరపడ్డారు.

మొదటిసారి చదివినప్పుడు నేను సిడ్డాని. పిల్లలు పుట్టాక చదివితే, సిగ్గుగా ఉన్నా చెప్తున్నా, వివి అలసట నాకు తెలిసిన అలసటలా అనిపించింది. ఇప్పుడు తెరిస్తే నా కళ్లు కారో మీదికి పోతున్నాయి. తెలిసీ మాట్లాడని మనిషి. అలాంటి ఒక మౌనం నా ఖాతాలో కూడా ఉంది. ఇంతకంటే ఇక్కడ చెప్పను.

పనివాళ్ల సంగతి చెప్పకుండా ఈ నవల గురించి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. పాఠకుల్లో మూడో వర్గం ఒకటుంది, వాళ్లకి తల్లీ వద్దు, కూతురూ వద్దు. వాళ్లు విలెట్టాని చూస్తారు. మొదటి పుస్తకంలో ఆమెకి తన గొంతుతో చెప్పే అధ్యాయం ఉంది. ఇందులో ఆమె ఉంది గానీ, కథ నడిపే చోట లేదు. ఇంకో ఉదాహరణ. 1939 డిసెంబర్‌లో ‘గాన్ విత్ ద విండ్’ సినిమా తొలి ప్రదర్శన చూడటానికి యా-యాలు అట్లాంటా వెళ్తారు. వెంట జింజర్ అనే నల్లజాతి పనిమనిషి. నవలలో హుషారుగా సాగే భాగం అది. ఆ ప్రదర్శన నిజంగానే 1939 డిసెంబర్ 15న అట్లాంటాలో లోయూస్ గ్రాండ్ థియేటర్‌లో జరిగింది. ఆ సినిమాలో మామీ అనే నల్లజాతి పనిమనిషిగా వేసిన హాటీ మెక్‌డానియల్ అక్కడ లేరు. జార్జియా జాతి వివక్ష చట్టాల వల్ల నల్లజాతి నటులు రావడానికి వీల్లేకపోయింది. రెండు నెలలు తిరిగేసరికి అదే పాత్రకి ఆవిడ ఆస్కార్ అందుకున్నారు. ఈ సంగతి తెలిసినవాళ్లకి ఆ అధ్యాయం అంత తేలిగ్గా నవ్వు తెప్పించదు. ‘నలుగురు తెల్ల ఆడపిల్లలు స్వేచ్ఛగా తిరగడానికి వెనక ఎవరు వంట చేస్తున్నారు’ అని అడిగేవాళ్లని రసభంగం చేస్తున్నారని కసురుకోవడం నేను చూశాను. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. వాళ్లు అడిగేది కూడా ఈ నవల గురించే, దాని అంచున నిలబెట్టిన మనుషుల గురించి.

సినిమా గురించి ఎక్కువ చెప్పను. 2002లో వచ్చింది, క్యాలీ ఖౌరీ దర్శకురాలు, సిడ్డాగా సాండ్రా బుల్లక్, వివిగా వయసుని బట్టి ఆష్లీ జడ్, ఎలెన్ బర్స్టిన్. సినిమాలో యా-యాలు సిడ్డాకి మత్తుమందు ఇచ్చి లూసియానాకి ఎత్తుకొస్తారు. నవలలో సిడ్డా ఒక్కతే సరస్సు దగ్గర కూర్చుని ఆ స్క్రాప్‌బుక్‌తో కుస్తీ పడుతుంది. ఆ ఒంటరితనం తీసేస్తే కథ వేరే కథ అయిపోతుంది. మీ స్నేహితురాలు సినిమా ముందు చూసి ఉంటే ఆవిడ తలలో ఉన్న వివి మీ వివి కాదు.

ఇప్పుడు ఏం చేయాలని అడిగారు. ‘నీకు ఎందుకు నచ్చింది, నాకు ఎందుకు నచ్చలేదు’ అని మొదలుపెట్టకండి, అయిదు నిమిషాల్లో ఒకరి పెంపకం గురించి ఇంకొకరు తీర్పులు చెప్పుకుంటారు. మేం ఇప్పుడు ఒక పద్ధతి పాటిస్తున్నాం. అభిప్రాయం అడగం, పేజీ అడుగుతాం. ఎక్కడ ఆగారు? ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు? ఏ పేజీ చదవకుండా దాటేశారు? జనం అభిప్రాయాల్లో అబద్ధం ఆడగలరు గానీ పేజీల్లో ఆడటం కష్టం. పోయినసారి ఒకావిడ, వివిని తెగ వెనకేసుకొచ్చిన మనిషి, బెల్టు అధ్యాయం అసలు చదవనేలేదని ఈ ప్రశ్నకే బయటపెట్టింది. ‘వస్తోందని తెలిసి తిప్పేశాను’ అంది. ఆవిడ ఎందుకు తిప్పేసిందో మేం అడగలేదు. అడగకూడదు కూడా.

అలాగే, మీకు ఆ సీన్ సొంత కారణాల వల్ల కష్టమై ఉంటే, దాన్ని సాహిత్య చర్చగా మార్చి మీ స్నేహితురాలి ముందు నిరూపించాల్సిన పని లేదు. ‘నాకు ఇది పడదు’ అని చెప్పి ఊరుకోవచ్చు. పిల్లల వైపు మాట వినాలని ఉంటే మాత్రం ‘లిటిల్ ఆల్టర్స్’ చదవండి, ఒక్క రాత్రిలో కాకుండా ఆగి ఆగి.

పుస్తకం ఆవిడది కాబట్టి ఎలాగూ తిరిగి ఇవ్వాలి. బెల్టు దగ్గర ఆగినప్పుడు మీరు పెట్టిన గుర్తు ఇంకా అందులోనే ఉండి ఉంటే, తీయకుండా ఇచ్చేయండి. ఆవిడ దాన్ని తెరిచి చూస్తారో, పక్కన పెట్టేస్తారో, వచ్చి ఇక్కడే చెప్పండి.